కండోమ్ చిరగలేదు, భయం పోలేదు

ఈ పేజీలు మీరు చదువుతున్నది రాత్రిపూట, ఇంట్లో అందరూ పడుకున్నాకే అయి ఉంటుంది. ఈ భయాన్ని పగలు నలుగురిలో ఎవరూ బయటపెట్టరు. పది రోజుల కిందటో నెల కిందటో ఒకరితో కలిశారు. కండోమ్ వాడారు. అది చిరగలేదు, జారిపోలేదు. తీసేటప్పుడు చూసుకున్నారు కూడా. అయినా మర్నాటి నుంచి ఒకటే గుబులు: నాకేమైనా అంటుకుందా?

జవాబు ముందే చెప్పేస్తాను. కలయిక మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా కండోమ్ ఉండి, అది చిరగకుండా, లోపల జారిపోకుండా ఉంటే, ఆ కలయిక వల్ల హెచ్‌ఐవీ సోకిందేమోనని భయపడాల్సిన అవసరం లేదు. అలాంటి సందర్భంలో వైద్యులు ముందుజాగ్రత్త మందులు కూడా రాయరు. రాయాల్సినంత ప్రమాదం అందులో లేదు.

ఈ మాట చదవగానే గుండె కాస్త తేలికపడి ఉంటుంది. కాసేపటికే మళ్లీ ఓ సందేహం తలెత్తుతుంది. "నిజమే, కానీ కండోమ్ కప్పని చోట తడి తగిలింది కదా?" దానికి జవాబు దొరికితే ఇంకోటి. "తీసేటప్పుడు వేళ్లకు అంటింది కదా?" ఆ తర్వాత, "ముద్దు పెట్టుకున్నాం, నాకు పళ్లు తోముకునేటప్పుడు అప్పుడప్పుడు రక్తం వస్తుంది, మరి?" ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులున్నాయి, చెబుతాను. అయితే జవాబులు ఎన్ని దొరికినా ప్రశ్నలు ఆగడం లేదంటే, మీకు వైద్యం కావాల్సింది ఆ భయానికేనని అర్థం. ఈ అధ్యాయంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

వైరస్‌కి దారి ఏది?

హెచ్‌ఐవీ రక్తంలో, వీర్యంలో, యోని ద్రవాల్లో, మలద్వారం లోపలి తడిలో, తల్లిపాలలో ఉంటుంది. వీటిలో ఏదో ఒకటి అవతలి మనిషి ఒంట్లోని సున్నితమైన లోపలి పొరలనో, నేరుగా రక్తాన్నో చేరితేనే అది సోకుతుంది. తొడల మీది చర్మం, పొత్తికడుపు, చేతివేళ్లు దానికి దారి ఇవ్వవు. లాలాజలం, చెమట, కన్నీళ్ల వల్ల అది రాదు. ఒంట్లోంచి బయటికొచ్చి ఆరిపోతే సోకే శక్తి పోతుంది. కాబట్టి కండోమ్ అంచు దాటి తడి తగిలిన సంగతి, వేళ్లకు అంటిన సంగతి, లాడ్జి దుప్పటి, బాత్‌రూమ్‌లో మగ్గు, వీటన్నిటినీ ఇక్కడితో వదిలేయండి. ఇద్దరి నోళ్లలోనూ పుండ్లు, రక్తం ఉంటే తప్ప ముద్దు వల్ల సోకే మాటే లేదు. అదీ చాలా చాలా అరుదు. నోటితో చేసే సెక్స్‌లో ప్రమాదం సున్నా అనలేం గానీ, సున్నాకి బాగా దగ్గర.

"లేటెక్స్‌లో కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయట, వైరస్ వాటికన్నా చిన్నదట" అనే మాట మన ఊళ్లలో చాలాకాలంగా తిరుగుతోంది. చిరగని లేటెక్స్ గుండా హెచ్‌ఐవీ వెళ్లలేదని ప్రయోగశాలల్లో పరీక్షించి తేల్చారు. పైగా ఫ్యాక్టరీలో ప్రతి కండోమ్‌నీ లోహపు అచ్చుకి తొడిగి, కరెంటుతో పరీక్షించి, ఎక్కడైనా చిల్లి ఉంటే తీసి పక్కన పారేస్తారు. ప్రతి బ్యాచ్ నుంచీ కొన్ని తీసి, ఒక్కోదాంట్లో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చుక్క కారుతుందేమో చూస్తారు. 1968లో ప్రభుత్వం మొదలుపెట్టిన నిరోధ్ అయినా, మందుల షాపులో వందలు పెట్టి కొన్న పెట్టె అయినా ఇవి దాటి రావాల్సిందే.

ఇంకో అంకె చాలామందిని నిద్రపోనివ్వదు. కండోమ్ 80 శాతమే కాపాడుతుందని ఎక్కడో చదువుతారు. మిగతా 20 శాతంలో నేనున్నానేమోనని వణికిపోతారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి. దంపతుల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, ఇంకొకరికి లేని జంటలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు ఉన్నాయి. "మేం ఎప్పుడూ కండోమ్ వాడతాం" అని చెప్పిన జంటలను, ఎప్పుడూ వాడని జంటలతో పోల్చి చూస్తే, వాడినవాళ్లలో కొత్తగా సోకడం దాదాపు 80 శాతం తగ్గినట్టు తేలింది. ఆ జంటలు ఏళ్లపాటు కలిసి ఉన్నాయి. ఎప్పుడో ఆలస్యంగా వేసుకున్న రోజులు, చిరిగిన రోజులు, వాడామని చెప్పి వాడని రోజులు, అన్నీ ఆ లెక్కలో కలిసిపోయాయి. చిరగకుండా చివరిదాకా ఉన్న ఒక్క కండోమ్ నూటికి ఇరవైసార్లు విఫలమవుతుందని ఆ అధ్యయనాలు ఎక్కడా చెప్పలేదు. మీ ఒక్క రాత్రికి ఆ 20ని తెచ్చి అంటించుకోవడం పూర్తిగా తప్పు లెక్క.

అసలు కండోమ్ లేకుండా జరిగినా లెక్క ఎలా ఉంటుందో చూడండి. అవతలి వ్యక్తికి హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడకపోతే, ఒక్క యోని సంభోగంలో పురుషుడికి సోకే అవకాశం సగటున 10 వేలకు 4. స్త్రీకి 10 వేలకు 8. మలద్వార సంభోగంలో లోపలికి తీసుకునేవారికి మాత్రం ఇది ఎక్కువ, 10 వేలకు 138 దాకా. మన దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు వెయ్యికి సుమారు ఇద్దరు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సగటుకన్నా ఎక్కువ, అయినా నూటికి ఒకరి కన్నా తక్కువే. కండోమ్ మానేయవచ్చని ధైర్యం చెప్పడానికి ఇవి రాయడం లేదు. ఒక్కసారి సోకినా అది జీవితాంతం ఉండే జబ్బే. మీరు కండోమ్ వాడి ఈ లెక్క నుంచి కూడా బయటికొచ్చారని గుర్తుచేయడానికి రాస్తున్నాను.

నిజంగా చిరిగితే

చిరిగితే తెలిసిపోతుంది. కండోమ్ చిరగడం అంటే మామూలుగా పొడవునా చీలిపోవడమే. కంటికి కనపడని చిల్లు కోసం కుళాయి కింద పట్టి వెతకాల్సిన పని ఉండదు. చిరిగినా, లోపల జారిపోయినా, సగంలో వేసుకున్నా, అసలు వేసుకోకపోయినా గడియారం చూడండి. 72 గంటల లోపు మొదలుపెట్టి, 28 రోజులపాటు వేసుకునే మందులున్నాయి. వీటిని పెప్ అంటారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మూడో రోజు దాకా ఆలోచిస్తూ కూర్చోవద్దు. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి గానీ, రాత్రయితే క్యాజువాలిటీకి గానీ, ఈ మందుల గురించి తెలిసిన ప్రైవేటు ఫిజీషియన్ దగ్గరికి గానీ వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పండి. డెట్టాల్‌తో లోపల కడగడం లాంటివి చేయకండి, లోపలి పొర చిట్లి ఇంకా చేటు. మందుల షాపులో అడిగి నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు మింగడం వల్ల ఏ ఉపయోగమూ లేదు, అవి వైరస్ మీద పనిచేయవు.

కండోమ్ చిరగడానికి మన ఇళ్లలో ఉన్న పెద్ద కారణం కొబ్బరినూనె. నూనె, వ్యాజిలిన్ తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడుతుంది. పర్సులో నెలల తరబడి పెట్టుకుని తిరిగినా, ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వదిలేసినా అంతే. జారుడు కావాలంటే నీళ్ల ఆధారంగా తయారైన జెల్ మందుల షాపుల్లో దొరుకుతుంది.

ఒంటి మీద కాపలా

భయం మొదలయ్యాక మనిషి తన ఒంటి మీదే నిఘా పెడతాడు. రాత్రి బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుని, అద్దం ముందు నోరు తెరిచి, ఫోన్ టార్చి నాలుక మీదికి వేస్తాడు. తెల్లటి పాచి కనిపిస్తుంది. గోటితో గీకి చూస్తాడు. నిన్న ఫోన్లో తీసుకున్న ఫొటోతో పోలుస్తాడు. తర్వాత దవడ కింద రెండు వేళ్లు పెట్టి నొక్కుతాడు, మెడ పక్కన నొక్కుతాడు, గజ్జల్లో నొక్కుతాడు. బఠాణీ గింజంత ఏదో వేలికి తగులుతుంది. గుండె ఆగినంత పని అవుతుంది. మర్నాడు మళ్లీ నొక్కుతాడు. నాలుగు రోజులు అదే పనిగా నొక్కితే అక్కడ నొప్పి పుడుతుంది. "చూశావా, నొప్పి కూడా మొదలైంది" అని మనసు దాన్నే సాక్ష్యం కింద తీసుకుంటుంది.

గజ్జల్లో చిన్న బిళ్లలు ఆరోగ్యంగా ఉన్న చాలామందికి చేతికి తగులుతాయి, సన్నగా ఉన్నవాళ్లకైతే మరీను. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కడుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. రాత్రి నోరు ఎండిపోతే పొద్దున నాలుక మీద పాచి ఉంటుంది. భయంతో ఉన్నవాడికి నోరు ఎండడం మామూలే. సాయంత్రం థర్మామీటర్ 99 చూపిస్తే అది జ్వరం కాదు, అందరి ఒళ్లూ సాయంత్రానికి కాస్త వేడెక్కుతుంది. తిండి సరిగా తినకపోతే బరువు తగ్గుతారు. ఆందోళన కడుపులోకి దిగితే విరేచనాలవుతాయి. నిద్ర లేకపోతే కాళ్లు పీకుతాయి, పట్టపగలే చెమటలు పోస్తాయి. హెచ్‌ఐవీ లక్షణాలని జనం చెప్పుకునేవాటిలో చాలావాటిని ఈ భయమే తెచ్చిపెట్టగలదు.

హెచ్‌ఐవీ సోకిన కొందరికి రెండు నుంచి నాలుగు వారాల మధ్య జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు, బిళ్లలు వస్తాయన్నది నిజం. కొందరికి అసలేమీ రాదు. వచ్చినా అవి వర్షాకాలంలో ఊరంతా తిరిగే వైరల్ జ్వరంలాగే ఉంటాయి, డెంగీలాగా ఉంటాయి. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా నాలుక చూసి, బిళ్లలు నొక్కి హెచ్‌ఐవీ ఉందనో లేదనో చెప్పలేడు. డాక్టర్ చెప్పలేనిది మీరు అద్దంలో చూసి ఎలా తేలుస్తారు? లక్షణాలు వెతకడం మానేయమని అందుకే చెబుతున్నాను. రక్తపరీక్ష తప్ప వేరే సాక్ష్యం లేదు.

ఎక్కడ, ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలి?

కండోమ్ సరిగా వాడినవాళ్లకి ఆ కలయిక కోసమంటూ పరీక్ష అవసరం లేదు. అయినా ఒక్కసారి చేయించుకుంటే మంచిదనే అంటాను. కొత్త వ్యక్తులతో కలిసే అలవాటున్న ఎవరైనా ఏడాదికోసారి చేయించుకోవాల్సిందే ఇది. మీ పరీక్షనూ అలాంటిదే అనుకోండి.

ఎప్పుడన్నదే అసలు సంగతి. ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీసి చేసే నాలుగో తరం పరీక్ష వైరస్ ముక్కనీ, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలనీ కలిపి వెతుకుతుంది. అది 45 రోజులకు నెగెటివ్ వస్తే ఆ విషయం ముగిసినట్టే. యాంటీబాడీలను మాత్రమే వెతికే ర్యాపిడ్ పరీక్షలకు 90 రోజులు ఆగాలి. పదో రోజున పరీక్ష చేయించుకుని నెగెటివ్ వస్తే అది మిమ్మల్ని శాంతింపజేయదు, మళ్లీ ఇరవయ్యో రోజుకి పరిగెత్తిస్తుంది. వేలు ఖర్చుపెట్టి వైరల్ లోడ్ పరీక్షలు సొంతంగా చేయించుకోవడం అసలే వద్దు. అవి ముఖ్యంగా, జబ్బు ఉందని తేలినవాళ్ల చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి వాడేవి. సొంతంగా చేయించుకుంటే అప్పుడప్పుడు లేనిది ఉన్నట్టు చూపించి మనిషిని చంపినంత పని చేస్తాయి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అని ఒక గది ఉంటుంది. విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రుల్లోనే కాదు, జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లోనూ ఉంటుంది. పరీక్ష ఉచితం. గదిలో ఒక కౌన్సెలర్, ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉంటారు. కౌన్సెలర్ టేబుల్ మీద కండోమ్ ఎలా తొడగాలో చూపించే నమూనా కనిపిస్తుంది, గోడ మీద చార్టులుంటాయి. ఆయన లేదా ఆమె మీతో మాట్లాడి, వివరాలు రాసుకుని, మీ అంగీకారం తీసుకున్నాకే రక్తం తీస్తారు. మొదటి పరీక్షలో ఏదైనా కనిపిస్తే వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే మరో రెండు కిట్లతో చూశాకే పాజిటివ్ అని చెబుతారు. ఒక్క కిట్ మీద గీత పడగానే తీర్పు చెప్పేయరు. ఫలితం మీ చేతికే ఇస్తారు, ఇచ్చేటప్పుడు మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడతారు. మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయడాన్నీ, మీ ఫలితం ఇతరులకు చెప్పడాన్నీ 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం నిషేధించింది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది.

తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న సంకోచం అందరికీ ఉంటుంది. గర్భిణులందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయిస్తారు కాబట్టి ఆ గది బయట క్యూలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు, వాళ్లకు తోడొచ్చిన భర్తలు, అత్తలే ఎక్కువగా కనిపిస్తారు. అక్కడ నిలబడ్డ మనిషిని ఎవరూ వేలెత్తి చూపరు. ఈ భయంతో ఉన్న ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పెళ్లికాని అమ్మాయి ఫ్యామిలీ డాక్టరుతో ఈ మాట ఎత్తలేదు, ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనని రెట్టింపు భయంతో ఉంటుంది. అలాంటమ్మాయి ఇది చదువుతుంటే, ఆ గదిలో నిన్ను మీ అమ్మానాన్నల పేర్లు పెట్టి నిలదీసేవాళ్లెవరూ ఉండరమ్మా, ధైర్యంగా వెళ్లు.

గల్ఫ్‌లో పనిచేసేవాళ్లది ఇంకో బాధ. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్లినవాళ్లకు అక్కడ రెసిడెన్సీ కోసం చేసే మెడికల్‌లో హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుంది. పాజిటివ్ వస్తే వెనక్కి పంపేస్తారు. అప్పులు తీరకుండా వెనక్కి రావడమన్న ఊహే వాళ్లని కాల్చేస్తుంది. సెలవు మీద ఊరికొచ్చినప్పుడు మొదటి వారంలోనే ఐసీటీసీకి వెళ్లిరండి. తిరిగి విమానం ఎక్కేదాకా ఈ బరువు మోయాల్సిన పని లేదు.

ఒక హెచ్చరిక. "సుఖవ్యాధులు, ఎయిడ్స్ గ్యారంటీగా నయం, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో" అనే ప్రకటనల వైపు చూడకండి. లైంగిక రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ లాడ్జి గదిలో కూర్చున్నవాడికి మీ జబ్బుతో పని లేదు, మీ భయమే పెట్టుబడి. హెచ్‌ఐవీ కాకుండా సిఫిలిస్, గనేరియా లాంటి వాటికి ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, చికిత్స ఉన్నాయి. పుండు, మంట, స్రావం ఉంటే అక్కడికి వెళ్లండి. కండోమ్ కప్పని చర్మం మీంచి కొన్ని జబ్బులు వచ్చే వీలుంది, వాటిలో చాలావాటికి మందులున్నాయి.

నెగెటివ్ వచ్చాక కూడా

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 45 రోజులకు నెగెటివ్. 90 రోజులకు నెగెటివ్. రిపోర్టు బీరువాలో బట్టల కింద దాచారు. వారం ప్రశాంతంగా గడిచింది. ఎనిమిదో రోజు దాన్ని తీసి మళ్లీ చదివారు: "రక్తం నాదేనా? సీసాలు మారిపోయి ఉంటే? నా ఒంట్లో యాంటీబాడీలు ఆలస్యంగా తయారయ్యే రకమైతే?" వేరే ల్యాబ్‌కి, వేరే ఊరికి వెళ్లి ఇంకో పరీక్ష. అదీ నెగెటివే. రెండు రోజులు హాయి. మళ్లీ మొదలు.

దోమ కుట్టిన చోట గోకినట్టే ఇది. గోకినంతసేపూ సుఖంగా ఉంటుంది, ఆపగానే ముందుకన్నా ఎక్కువ దురద పెడుతుంది. ప్రతి పరీక్షా, ప్రతి వెతుకులాటా, "నాకేం కాదుగా?" అని స్నేహితుణ్ని అడిగిన ప్రతిసారీ మీ మెదడుకి ఒకటే పాఠం చెబుతున్నాయి: ఇది నిజంగా ప్రమాదమే, కాబట్టే ఇంత కాపలా కాస్తున్నాం. అందుకే భరోసా దొరికిన కొద్దీ భయం పెరుగుతుంది. దీన్ని మానసిక వైద్యులు బాగా ఎరుగుదురు. ఆరోగ్యం గురించిన అతి ఆందోళన అనీ, కొందరిలో ఓసీడీ అనీ అంటారు. దీనికి చికిత్స ఉంది.

దీని వేళ్లు ఎక్కడున్నాయో కాస్త చూడాలి. మన దేశంలో హెచ్‌ఐవీని మొదటిసారి 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, డాక్టర్ నిర్మల కనుగొన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు సరైన మందుల్లేవు. ఆ కాలంలో ఆసుపత్రి గోడల మీద, బస్టాండ్లలో కనిపించిన పోస్టర్లు పుర్రెలతో, ఎముకలతో, "తప్పు చేస్తే చావే" అన్న బెదిరింపుతో నిండి ఉండేవి. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో రోడ్ల పక్కన ఎయిడ్స్ ప్రచారానికి పులిరాజా అనే పాత్రతో హోర్డింగులు లేచాయి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అన్న ప్రశ్న పిల్లల నోళ్లలో కూడా నానింది. దాని వల్ల కండోమ్ మాట ఇళ్లలోకి వచ్చిందని ఒప్పుకోవాలి. డాక్టర్ సమరం లాంటివాళ్లు పత్రికల్లో ఏళ్ల తరబడి ఇలాంటి సందేహాలకు ఓపిగ్గా జవాబులు రాశారు. అయినా మన తరాల మనసుల్లో సెక్స్, తప్పు, శిక్ష, ఎయిడ్స్ ఒకే ముడిగా పడిపోయాయి.

అందుకే ఈ భయంతో కుంగిపోయేవాళ్లని "మీకు కండోమ్ ఉంది కదా, ఇంకెందుకు?" అని అడిగితే చాలామంది చెప్పేది వైరస్ గురించి కాదు. "నేను చేయకూడని పని చేశాను" అంటారు. భార్యకు తెలియకుండా వెళ్లానంటారు. పెళ్లికి ముందు ఇలా చేశానంటారు. తప్పు చేసినవాడికి శిక్ష పడి తీరాలన్న లెక్క మనసులో ఉన్నంతకాలం నెగెటివ్ రిపోర్టు వాళ్లకు విడుదలలా అనిపించదు, వాయిదాలా అనిపిస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీ మనస్సాక్షి ప్రశ్నకు ల్యాబ్ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నను విడిగా తీసి, విడిగా ఆలోచించండి. జీవిత భాగస్వామికి చెప్పాలా వద్దా అన్నది కూడా అందులో భాగమే. భయం గుండెల్లో కొట్టుకుంటున్న అర్ధరాత్రి, బరువు దించుకోవడానికి ఆ మాట చెప్పేయకండి. అప్పుడు మీ బరువు ఆమె మీద పడుతుంది, మీ భయమూ తగ్గదు. మనసు కుదుటపడ్డాక, ఆ సంబంధానికి ఏది మంచిదో ఆలోచించి నిర్ణయించుకోండి.

ఇంట్లో గ్లాసు, తువ్వాలు వేరు పెట్టుకోవడం, పిల్లల్ని ముద్దు పెట్టుకోకుండా దూరం నెట్టడం ఈ రోజే మానేయండి. నిజంగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు కూడా అలా ఉండాల్సిన అవసరం లేదు. కండోమ్ లేని కలయిక జరిగి ఉంటే మాత్రం పరీక్ష గడువు దాటేదాకా భాగస్వామితో కండోమ్ వాడాలి, అది ఆమెకు మీరు ఇవ్వాల్సిన రక్షణ.

ఆపే పద్ధతి ఇలా ఉంటుంది. ఒక కాగితం మీద జరిగింది నాలుగు వాక్యాల్లో రాయండి: కండోమ్ ఉంది, చిరగలేదు, ఫలానా తేదీన పరీక్ష, ఫలితం నెగెటివ్. దాన్ని ఒక్క మనిషికి, డాక్టరుకో కౌన్సెలరుకో చూపించి, ఇక పరీక్ష అవసరమా అని అడగండి. ఆయన చెప్పిన జవాబు కూడా అక్కడే రాసుకోండి. ఇక మీదట కొత్త సందేహం వస్తే కొత్త జవాబు వెతకొద్దు. "సందేహం వచ్చింది, రానీ" అనుకుని, చేస్తున్న పని కొనసాగించండి. నాలుక చూడాలనిపిస్తే అద్దం దగ్గరికి వెళ్లకుండా అరగంట ఆగండి. మొదట్లో ఒళ్లంతా గిజగిజలాడుతుంది. ఆ గిజగిజ మీరు ఏమీ చేయకపోయినా పెరిగి, దానంతటదే దిగిపోతుంది. అది దిగడం మీరు స్వయంగా చూడటమే ఇందులో మందు. రేపు గంట ఆగండి. ఫోన్లో నాలుక ఫొటోలు ఉంటే చెరిపేయండి. హెచ్‌ఐవీ గురించి చదవడం పూర్తిగా ఆపండి, ఈ అధ్యాయం రెండోసారి చదవడంతో సహా. భరోసా ఇచ్చే స్నేహితుడికి ముందే చెప్పి పెట్టండి: "మళ్లీ అడిగితే జవాబు చెప్పకురా, బయటికి టీకి తీసుకెళ్లు" అని. రెండు మూడు వారాలకు తేడా కనిపించకపోతే, లేదా తిండి, నిద్ర, ఉద్యోగం దెబ్బతింటుంటే మానసిక వైద్యుణ్ని కలవండి. ఇందులో మాటలతో చేసే చికిత్స బాగా పనిచేస్తుంది, కొందరికి మందులు కూడా అవసరమవుతాయి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం వారాలు ఆగొద్దు, ఈ రోజే ఎవరితోనైనా చెప్పండి.

మీరు ఇంతగా భయపడుతున్న జబ్బు ఇప్పుడు ఎలా ఉందో కూడా తెలుసుకోవాలి. 2004 నుంచి మన ప్రభుత్వం దీనికి మందులు ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. మాత్ర తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవాళ్ల నుంచి సెక్స్ ద్వారా ఎవరికీ సోకదని పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చాయి. వాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, హెచ్‌ఐవీ లేని పిల్లల్ని కంటున్నారు, పొలం పనులు చేస్తున్నారు, ఆఫీసులకు వెళ్తున్నారు. లేని జబ్బుకి బెదిరి బతకడం మానేసిన మనిషి కన్నా ఆ జబ్బుతో మాత్ర వేసుకుంటున్న మనిషి హాయిగా ఉన్నాడని నేను నమ్ముతున్నాను.

పరీక్ష ఎక్కడ, మందు ఎక్కడ అన్న సందేహాలుంటే 1097కి ఫోన్ చేయండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఉచితం. పరీక్ష అయిపోయి, నెగెటివ్ వచ్చి, అయినా నిద్ర పట్టకపోతే 1097కి చేయకండి. 14416కి చేయండి. అది 2022లో మొదలైన టెలీ మానస్, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ కండోమ్ గురించి, బిళ్లల గురించి అడగొద్దు. "నాకు భయం ఆగడం లేదు, సాయం కావాలి" అని చెప్పండి.